క్రిస్మస్ నవ్వు వాక్యానికి నిలుస్తుందా? ‘హోమ్ అలోన్’పై ఒక సంవాదం

క్రిస్మస్ నేపథ్యంగా వచ్చే కుటుంబ హాస్యచిత్రాన్ని క్రైస్తవ దృష్టితో తూచేటప్పుడు రెండు కొలతలు ఎదురవుతాయి. ఆ కథలో క్రీస్తు ఉన్నాడా లేడా అని చూడటం ఒకటి. ఆయన పేరు వినిపించకపోయినా ఆయన బోధించిన పశ్చాత్తాపం, క్షమ, సమాధానపడటం ఉన్నాయా అని చూడటం రెండోది. మొదటి కొలత పట్టుకుంటే హాలీవుడ్ క్రిస్మస్ కామెడీల్లో గట్టెక్కేవి తక్కువ. రెండోదాన్ని మరీ వదులుగా పట్టుకుంటే ఏ సినిమా అయినా గట్టెక్కేస్తుంది. ఈ తగువు తేల్చుకోవడానికి 1990 నవంబరులో విడుదలైన ‘హోమ్ అలోన్’ అనువైన ఉదాహరణ.

జాన్ హ్యూస్ రాయగా క్రిస్ కొలంబస్ దర్శకత్వం వహించిన ఈ సినిమా కథ చిన్నది. షికాగో శివారులోని మెకాలిస్టర్ కుటుంబం క్రిస్మస్ సెలవులకు పారిస్ బయల్దేరబోతుంది. ముందురోజు రాత్రి పిజ్జా దగ్గర అన్నదమ్ముల గొడవ ముదురుతుంది. ఎనిమిదేళ్ళ కెవిన్‌ను తల్లి పై అంతస్తులోని అటక గదికి పంపేస్తుంది. ఇంట్లోవాళ్ళంతా మాయమైపోతే బాగుండునని వాడు కోరుకుంటాడు. రాత్రి కరెంటు పోవడంతో అలారం మోగదు. తెల్లవారి హడావుడిలో పక్కింటి కుర్రాణ్ణి కూడా కలిపి తలలు లెక్కపెట్టి, కెవిన్‌ను ఇంట్లోనే మరచి విమానం ఎక్కేస్తారు. ఖాళీ ఇళ్ళు దోచుకునే హ్యారీ, మార్వ్ ఆ ఇంటి మీద కన్నేస్తారు. కెవిన్ ఇల్లంతా ఉచ్చులు పన్ని వాళ్ళను ముప్పుతిప్పలు పెడతాడు. తల్లి మాత్రం దొరికిన బండి పట్టుకుని కొడుకు దగ్గరికి పరుగుపెడుతుంది. కెవిన్‌గా మెకాలే కల్కిన్, తల్లిగా కేథరిన్ ఓహారా నటించారు.

తెలుగు ప్రేక్షకులకు ఈ తరహా కథ కొత్తది కాదు. ఇదే జాన్ హ్యూస్ రాసిన ‘బేబీస్ డే అవుట్’ (1994) మన దేశంలో బాగా ఆడింది. ఆ ఛాయల్లోనే 1995లో శివనాగేశ్వరరావు దర్శకత్వంలో ‘సిసింద్రీ’ వచ్చింది. అయితే తెలుగు క్రైస్తవులకు ‘క్రైస్తవ సినిమా’ అనగానే గుర్తొచ్చేది 1978 నాటి ‘కరుణామయుడు’. విజయచందర్ క్రీస్తుగా నటించిన ఆ సినిమా ఒక ప్రమాణంగా నిలిచిపోయింది. క్రైస్తవ చిత్రమంటే సిలువ కథ ఉండాలి, చూసినవాళ్ళ కళ్ళు చెమర్చాలి అన్న అభిప్రాయం దానివల్ల బలపడింది. క్రిస్మస్ పేరుతో నవ్వించే సినిమా ఆ ప్రమాణానికి లొంగదు.

సింగరేణి బొగ్గు గనుల ప్రాంతంలోని క్రైస్తవ సంఘాల్లో ఈ ప్రశ్న డిసెంబరులో వస్తుంది. సింగరేణి కంపెనీ ఏర్పడింది 1920 డిసెంబరు 23న. ఏటా ఆ రోజున సింగరేణి దినోత్సవం జరుగుతుంది, రెండు రోజులు గడిస్తే క్రిస్మస్. గోదావరిఖని, యైటింక్లయిన్ కాలనీ, సెంటినరీ కాలనీ, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్పులలో క్వార్టర్ల ముందు క్రిస్మస్ స్టార్లు వేలాడే కాలమది. దానికి ముందే సంఘాల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. క్యారల్స్, పిల్లల యాక్షన్ సాంగ్స్, యూత్ వేసే స్కిట్, వాక్యం, చివర భోజనాలు. ఆ స్కిట్‌లో నవ్వు లేకపోతే పిల్లలు కూర్చోరు. మరి ప్రొజెక్టరు పెట్టి సినిమా వేస్తే అందులో ఎలాంటి నవ్వు ఉండాలన్నది ఈ సంవాదానికి మూలం. ఇందులో మాట్లాడే ఇద్దరూ కల్పితులే. ఒకరు భూగర్భ గనిలో కప్పుకు సపోర్టులు పెట్టే పని చేసి రిటైరైన సంఘ పెద్ద. రెండో వ్యక్తి అదే సంఘంలో సండే స్కూలు నడిపే టీచరు.

క్రీస్తు లేని క్రిస్మస్

పెద్దాయన: సినిమా మొత్తం క్రిస్మస్ చెట్లు, లైట్లు, బహుమతులేనమ్మా. పుట్టినాయన ఎక్కడ? చర్చి ముందు పెట్టిన పశువులపాక బొమ్మల్లో ఒక్కసారి కనిపిస్తాడు. అది కూడా కెవిన్ దొంగల కంటపడకుండా ఆ బొమ్మల నడుమ బొమ్మలా నిలబడటానికే. ఇంట్లోవాళ్ళను తిరిగి పంపమని వాడు మొరపెట్టుకున్నది ఎవరికి? శాంతాక్లాజు వేషం వేసుకున్న మనిషికి. ప్రార్థన వినేవాణ్ణి మార్చేశారు.

టీచరు: శాంతా సంగతి నిజమే పెద్దనాన్నా, దాన్ని కాదనను. కానీ ఆ పశువులపాక సన్నివేశాన్ని ఇంకోలా కూడా చూడొచ్చు. వెంటపడిన దొంగలు మందిరం దాకా వచ్చి, లోపలికి పోవడానికి ఇద్దరూ జంకుతారు. తరుముకొస్తున్నవాళ్ళ నుంచి బాలుడికి ఆ పాకలోనే చోటు దొరికింది. హేరోదుకు భయపడి ఐగుప్తుకు పోయిన కుటుంబం కథ కూడా క్రిస్మస్ కథలోదే కదా!

పెద్దాయన: అది నువ్వు చదువుకున్న అర్థం. సినిమా చెప్పిన అర్థం అది కాదు.

టీచరు: సినిమా తనంతట తాను సువార్త చెప్పదు, ఒప్పుకుంటాను. అయితే క్రైస్తవ సంఘాలే సినిమాలను ఆ ఒక్క కొలతతో చూడలేదు. 1995లో సినిమాకు నూరేళ్ళు నిండిన సందర్భంగా వాటికన్ 45 సినిమాల జాబితా వేసింది. మతం, విలువలు, కళ అని దాన్ని మూడు భాగాలు చేసింది. క్రిస్మస్ ముందురాత్రి ముగిసే ‘ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్’ (1946) అందులో విలువల కింద చేరింది. అంటే క్రీస్తు చరిత్ర చెప్పే సినిమా వేరు, క్రీస్తుకు ఇష్టమైన నడత చూపే సినిమా వేరు అని వాళ్ళే విడదీశారు. నేను ‘హోమ్ అలోన్’ను మొదటి వరసలో నిలబెట్టడం లేదు. రెండో వరసలో నిలుస్తుందా అనే అడుగుతున్నాను.

ఇక్కడ చర్చ ఒక మెట్టు దిగుతుంది. క్రీస్తు పేరు లేకపోవడం సినిమాలోని లోటే తప్ప, అదొక్కటే తీర్పు కాదని ఇద్దరూ అంగీకరిస్తారు. మిగిలిన ప్రశ్న, అది దేన్ని చూసి నవ్విస్తోందన్నది.

నవ్వు పాపమా?

పెద్దాయన: ఎఫెసీయులకు రాసిన పత్రిక అయిదో అధ్యాయంలో పౌలు బూతునూ పోకిరి మాటలనూ వద్దన్నాడు. ఈ సినిమాలో అన్న బజ్ గదిలో కెవిన్ సోదా చేస్తాడు. అక్కడ బట్టల్లేని ఆడవాళ్ళ పత్రిక దొరుకుతుంది. బాబాయి పసివాణ్ణి నోటికొచ్చినట్టు తిడతాడు. ఇవన్నీ పిల్లలకు నవ్వులేనా?

టీచరు: పత్రిక సంగతి మీరన్నట్టే, అది లేకపోయినా కథకు నష్టం లేదు. కానీ పౌలు వద్దన్నది నవ్వును కాదు. నవ్వడానికీ సమయం ఉందని ప్రసంగి చెప్పాడు. కర్మెలు కొండ మీద ఏలీయా బయలు ప్రవక్తలను ఎంత ఆటపట్టించాడు! అపొస్తలుల కార్యాలు పన్నెండో అధ్యాయం చూడండి. చెరసాల నుంచి బయటపడ్డ పేతురు తలుపు తడతాడు. రోదే అనే చిన్నది ఆయన గొంతు గుర్తుపట్టి, సంతోషం పట్టలేక తలుపు తీయడమే మరచి లోపలికి పరుగెత్తుతుంది. లోపల పేతురు కోసమే ప్రార్థిస్తున్నవాళ్ళు ఆమెను పిచ్చిదానివి అంటారు. పేతురు బయటే నిలబడి తడుతూ ఉంటాడు. అది చదివి నవ్వనివాళ్ళు ఉంటారా?

పెద్దాయన: ఉండరు. అయితే ఒక తేడా చూడు. అక్కడ నవ్వు ఎవరి మీద? అడిగింది దొరికినా నమ్మలేని మన మీదే. ఎదుటివాడి కాలు విరిగితే పుట్టే నవ్వు కాదు.

పెద్దాయన చెప్పిన ఈ తేడా హాస్యాన్ని తూచడానికి పనికొచ్చే తూకం. తమ బలహీనతను తమకే చూపించి నవ్వించే హాస్యం ఒకటి, ఎదుటివాడి బాధను వినోదం చేసే హాస్యం మరొకటి. ‘హోమ్ అలోన్’లో రెండూ ఉన్నాయి. పదిహేను మంది ఒకే ఇంట్లో ఉండి ఒక పిల్లవాణ్ణి మరచిపోవడం మొదటి రకం. చివరి అరగంటలో దొంగలకు జరిగేది రెండో రకం.

ఉచ్చులు, గాయాలు

పెద్దాయన: కెవిన్ తలుపు పిడిని ఎర్రగా కాల్చి పెడతాడు, హ్యారీ అరచెయ్యి కాలుతుంది. నెత్తి మీద మంట పడుతుంది. మార్వ్ మొహం మీద ఇస్త్రీపెట్టె పడుతుంది, అరికాల్లో మేకు దిగుతుంది. క్రిస్మస్ చెట్టుకు వేలాడదీసే గాజు బుడ్డలను కిటికీ కింద పరిచి, మార్వ్ వట్టికాళ్ళతో వాటిపైన దిగేలా చేస్తాడు. మీరంతా పకపకా నవ్వుతారు. నాకు నవ్వు రాదు బిడ్డా. పైనుంచి బొగ్గు పెళ్ళ పడితే టోపీ ఏమవుతుందో, టోపీ కింది తల ఏమవుతుందో బాయిలో దిగినోళ్ళకు తెలుసు. 2003 జూన్‌లో గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలో నీళ్ళు ముంచెత్తి 17 మంది పోయారు. ఈ ఊళ్ళో దెబ్బ తగిలినోడు మార్వ్‌లాగా దులుపుకుని లేవడని పిల్లలు తెలుసుకోవాలి.

టీచరు: ఇది టామ్ అండ్ జెర్రీ లాంటిదే పెద్దనాన్నా. ఆ లోకంలో ఎవరూ చావరు. పిల్లలకు ఆ తేడా తెలుసు.

పెద్దాయన: పిల్లి బొమ్మకు తగిలితే తెలుస్తుంది. మనిషికి తగిలి మనిషే లేచి నిలబడితే ఎనిమిదేళ్ళవాడికి ఎట్ల తెలుస్తది?

టీచరు: ఇంకో మాట. రాత్రిపూట కన్నం వేస్తూ దొరికిన దొంగను కొడితే, వాడు చచ్చినా కొట్టినవాడి మీద రక్తాపరాధం ఉండదని నిర్గమకాండం ఇరవైరెండో అధ్యాయం చెబుతోంది. ఇంట్లో ఒంటరిగా ఉన్న పసివాడు తనను తాను కాపాడుకోవడం తప్పెలా అవుతుంది?

పెద్దాయన: ఆ తర్వాతి మాట కూడా చదువు. సూర్యుడు ఉదయించాక కొడితే రక్తాపరాధం ఉంటుంది. చీకట్లో బెదిరిపోయి కొట్టినవాడికే ఆ మినహాయింపు. కెవిన్ బెదిరిపోయి కొట్టలేదు. దొంగలు తొమ్మిదింటికి వస్తారని విని, కాగితం మీద ప్లాను గీసి, అన్నీ అమర్చి కూర్చున్నాడు. పిజ్జా తెప్పించుకోవడానికి పనిచేసిన ఫోను పోలీసులను పిలవడానికి దాదాపు అంతా అయ్యేదాకా గుర్తుకు రాలేదు!

టీచరు: వాడికి పోలీసంటే భయం. దుకాణంలో పొరుగింటి మార్లీ తాతను చూసి జడిసి, డబ్బు కట్టని టూత్ బ్రష్షు చేతిలో పట్టుకునే పారిపోయాడు. పోలీసు వెంటపడ్డాడు. తాను నేరస్థుణ్ణయ్యానని వాడే అనుకున్నాడు. తప్పు చేసినవాడు దాక్కోవడం ఆదాము నుంచీ ఉన్నదే.

పెద్దాయన: ఆదామును దేవుడు పిలిచి అడిగాడు. జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు ఇస్తానన్నాడు. ఆ బ్రష్షు డబ్బులు వీడు తిరిగి కట్టినట్టు సినిమాలో ఎక్కడా లేదు.

ఈ అంశంలో టీచరు వాదన నిలవదు. పగ తీర్చుకోవడం దేవునికి వదిలి, శత్రువు ఆకలిగొంటే అన్నం పెట్టమని రోమీయులకు రాసిన పత్రిక పన్నెండో అధ్యాయం చెబుతుంది. ఉచ్చుల భాగం దానికి పూర్తిగా ఎదురు. హాస్య సంప్రదాయమని సర్దిచెప్పుకోవచ్చు గాని, వాక్యంతో సమర్థించడం కుదరదు. గాయాల్ని రోజూ ఎరిగిన ప్రాంతంలో ఆ సర్దుబాటు మరింత కష్టం.

తప్పిపోయిన పిల్లవాడు

పెద్దాయన: తల్లిదండ్రులకు విధేయులై ఉండమన్న ఆజ్ఞ మాటేమిటి? వీడు తల్లికి ఎదురు మాట్లాడతాడు. నా వాళ్ళు మాయమవ్వాలంటాడు. వాళ్ళు పోయాక మంచం మీద ఎగురుతూ, తుపాకుల సినిమా చూస్తూ, ఐస్‌క్రీం తింటాడు. లోబడనివాడికి సినిమా బహుమానం ఇచ్చింది.

టీచరు: బహుమానం ఎంతసేపు? మూడు రోజులు తిరగకుండానే నా వాళ్ళను తెచ్చివ్వమని ఏడుపు మొహంతో అడిగాడు. తాను కోరుకున్నదే తన మీద పడింది. కుటుంబం వద్దనుకున్నవాడికి కుటుంబం ఎందుకో తెలియడమే కథ. ఇంకో సంగతి, పిల్లవాణ్ణి వెనక వదిలేసి ప్రయాణమైన తల్లిదండ్రుల కథ లూకా సువార్తలో లేదా? యేసుకు పన్నెండేళ్ళు. పస్కా పండుగ అయ్యాక మరియ, యోసేపు యెరూషలేము నుంచి బయల్దేరారు. బిడ్డ గుంపులో ఎక్కడో ఉన్నాడులే అనుకుని ఒక రోజు ప్రయాణం నడిచేశారు. చుట్టాల్లో వెతికి, లేడని తెలిసి, వెనక్కి వచ్చి, మూడు రోజుల తర్వాత దేవాలయంలో చూశారు. పశువులతొట్టి కథ ఉన్న రెండో అధ్యాయంలోనే ఈ కథా ఉంది.

పెద్దాయన: మంచి చోటు పట్టుకున్నావు. కానీ అక్కడ తప్పిపోయినవాడు బోధకుల మధ్య కూర్చుని వింటున్నాడు, ప్రశ్నలు వేస్తున్నాడు. ఆ తర్వాత నజరేతుకు వచ్చి వాళ్ళకు లోబడి ఉన్నాడని లూకా ముగించాడు. కెవిన్‌ను ఆయన పక్కన నిలబెట్టకు.

టీచరు: పిల్లల్ని పక్కపక్కన పెట్టడం లేదు. తల్లుల్ని పెడుతున్నాను. మరియ దుఃఖపడుతూ వెతికింది. కెవిన్ తల్లి కేట్ పారిస్ విమానాశ్రయంలో ఒక ముసలి దంపతుల టికెట్టు కోసం తన చెవి కమ్మలు, ఉంగరం దగ్గర నుంచి బేరం పెట్టింది. విమానాలు మారి, చివరికి ముక్కూమొహం తెలియని వాద్యగాళ్ళ వ్యానెక్కి మంచులో ఇంటికి చేరింది. ఇంటికొచ్చి కొడుకును క్షమాపణ అడిగింది. మన ఇళ్ళల్లో కన్నవాళ్ళు పిల్లల దగ్గర తప్పు ఒప్పుకోవడం ఎప్పుడైనా చూశారా?

పెద్దాయన: ఆ తల్లే దారిలో, కొడుకు కోసం ఆత్మను సాతానుకైనా అమ్ముకుంటానని అరుస్తుంది. అది గుర్తుంచుకో.

టీచరు: గుర్తుంది. ఆ మాట తప్పే. ఆ పరుగు మాత్రం తప్పు కాదు.

గని ప్రాంతపు ఇళ్ళలో ఈ భాగం దగ్గరగా తగులుతుంది. తండ్రి సెకండ్ షిఫ్టులోనో నైట్ షిఫ్టులోనో ఉంటే, తల్లి పని మీద బయటికి వెళ్తే, తాళంచెవి మెడలో వేసుకుని ఒక్కళ్ళే ఉండే పిల్లలు ప్రతి క్వార్టర్ల లైనులోనూ ఉంటారు. వాళ్ళకు కెవిన్ పరిస్థితి వింతగా తోచదు. మరచిపోవడం పెద్దల తప్పు, దానికి పెద్దలే క్షమాపణ అడగాలన్నది ఆ పిల్లలకూ వాళ్ళ తల్లిదండ్రులకూ పనికొచ్చే మాట.

మందిరంలో బల్ల మీద

సినిమాలో క్రైస్తవ దృష్టికి ముఖ్యమైనది చర్చి సన్నివేశం. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం కెవిన్ ఒక్కడే వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. ఎదురుగా పిల్లల బృందం పాటలు పాడుతుంటుంది. మంచు ఎత్తే పార పట్టుకుని వీధిలో తిరిగే పొరుగు ముసలాయన మార్లీ అటుగా వస్తాడు. ఆయన హంతకుడని బజ్ కథలు అల్లి చెప్పాడు. పక్కన కూర్చోవచ్చా అని మార్లీ అడుగుతాడు. పాడేవాళ్ళలో ఎర్రజుట్టు అమ్మాయి తన మనవరాలని చూపిస్తాడు. ఏళ్ళ క్రితం కొడుకుతో మాటామాటా పెరిగి తెగిపోయింది. రాత్రి కొడుకు కుటుంబం వచ్చే వేళకు తాను ఇక్కడ ఉండే వీల్లేదు, అందుకే రిహార్సల్ వేళకు వచ్చి మనవరాలి పాట వింటున్నాడు. ఈ ఏడాది ఇంట్లోవాళ్ళతో తానూ మంచిగా లేనని కెవిన్ ఒప్పుకుంటాడు. కొడుకుకు ఫోన్ చేయమని ముసలాయనకు చెబుతాడు. కొడుకు మాట్లాడతాడో లేదోనన్న భయమే మార్లీని ఆపుతోందని తెలుస్తుంది.

టీచరు: మత్తయి అయిదో అధ్యాయం ఇదే చెబుతుంది. బలిపీఠం దగ్గర అర్పణ తెచ్చినప్పుడు సహోదరుడికి నీమీద కోపం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి సమాధానపడాలి. మార్లీ మందిరంలో కూర్చున్నాడు గాని, సమాధానపడకుండా కూర్చున్నాడు. ఆయన్ను లేపి పంపినవాడు ఎనిమిదేళ్ళ పిల్లవాడు. చివర్లో కిటికీలోంచి చూస్తే కొడుకు, మనవరాలు మార్లీని కౌగిలించుకుని ఉంటారు. 1843లో డికెన్స్ రాసిన ‘ఎ క్రిస్మస్ కెరోల్’లో మార్లీ అనే ఇంకొకాయన చచ్చిపోయాక గాని ఎదుటివాణ్ణి మారమని చెప్పలేకపోయాడు. ఈ మార్లీ బతికుండగానే మారాడు.

పెద్దాయన: ఈ సన్నివేశానికి ఎదురు చెప్పలేను. మన సంఘంలోనే చూడు. తండ్రి మెడికల్ అన్‌ఫిట్ అయితే ఇంట్లో డిపెండెంటు ఉద్యోగం ఒక్కరికే వస్తుంది. ఎవరికి రావాలన్న దగ్గర అన్నదమ్ములు విడిపోతారు. క్రిస్మస్ ఆరాధనకు ఇద్దరూ వస్తారు. ఒకడు కుడివైపు బల్ల, ఒకడు ఎడమవైపు బల్ల. సంస్కారం తీసుకుని ఒకరి మొహం ఒకరు చూడకుండా పోతారు. వాళ్ళకు వేసి చూపించాల్సింది ఇదే. అయినా ఒక లోటు ఉంది. కొడుకు దగ్గరికి పొమ్మని చెప్పారు, దేవుని దగ్గరికి రమ్మని చెప్పలేదు.

టీచరు: ఆ మిగిలిన సగం చెప్పడానికే సంఘం ఉంది పెద్దనాన్నా.

ఎక్కడ, ఎవరితో

చివరి ప్రశ్న ఆచరణకు సంబంధించినది. అమెరికాలో ఈ సినిమాకు వచ్చింది పీజీ రేటింగు. కొంత భాగం పిల్లలకు తగకపోవచ్చు, పెద్దల మార్గదర్శనం మేలని దాని భావం. టీచరు ప్రతిపాదన, సెమీ క్రిస్మస్ సాయంత్రం మందిరంలోనే సినిమా వేసి, తర్వాత చర్చించాలని. పెద్దాయన దానికి ఒప్పుకోలేదు. మందిరంలో చూపినదాన్ని పిల్లలు సంఘం ఆమోదించినదిగా తీసుకుంటారు, ఉచ్చుల భాగానికి ఆ ఆమోదం ఇవ్వలేమన్నది ఆయన కారణం. ఇంట్లో తల్లిదండ్రులు పక్కన కూర్చుని, అవసరమైన చోట ఆపి మాట్లాడుతూ చూపిస్తే అభ్యంతరం లేదన్నారు. చర్చి సన్నివేశం ఒక్కటి తీసుకుని యూత్ చేత స్కిట్‌గా వేయించడానికి ఆయనే ముందుకొచ్చారు. టీచరు అందుకు ఒప్పుకున్నా, సినిమా మొత్తం చూడనివాళ్ళకు ఆ సన్నివేశం బరువు తెలియదన్న అభిప్రాయాన్ని మార్చుకోలేదు.

ఈ సంవాదం నుంచి ఏ క్రిస్మస్ హాస్యచిత్రానికైనా వర్తించే ప్రశ్నలు నాలుగు మిగులుతాయి. కథలో క్రీస్తు స్థానంలో ఎవరినైనా కూర్చోబెట్టారా? నవ్వు మన బలహీనత మీదా, ఎదుటివాడి బాధ మీదా? తప్పు చేసినవాళ్ళు, పెద్దలతో సహా, ఒప్పుకుని సరిదిద్దుకున్నారా? తెగిపోయిన బంధం మళ్ళీ కలిసిందా? ‘హోమ్ అలోన్’ మొదటి ప్రశ్నకు తప్పుతుంది. రెండోదానికి సగం తప్పుతుంది. మూడోదానిలో తల్లి విషయంలో నెగ్గి, టూత్ బ్రష్షు విషయంలో ఓడుతుంది. నాలుగోదానికి పూర్తిగా నిలుస్తుంది. అందువల్ల దీన్ని క్రైస్తవ చిత్రమనడం సరికాదు, క్రైస్తవులు చూడరాని చిత్రమనడమూ సరికాదు. పెద్దల తోడుతో చూసి, ఉచ్చుల భాగాన్ని తప్పని చెప్పి, మార్లీ చేసిన పనిని పిల్లలూ పెద్దలూ తామూ చేయగలిగితే ఆ సినిమా వాళ్ళకు ఉపయోగపడినట్టే.